పెద్దవాళ్ళతో జపాన్ పాత కొండదారిలో నడక: మగోమె నుంచి త్సుమగో దాకా గైడ్ అవసరమా?

మీరు అడిగింది ఇదీ: "అమ్మానాన్నలు ఏప్రిల్‌లో జపాన్ వస్తున్నారు. ఇద్దరికీ 60 దాటింది, శాకాహారులు. నకాసెండో పాత దారిలో మగోమె నుంచి త్సుమగో దాకా గైడ్‌తో ఒకరోజు నడక బుక్ చేద్దామనుకుంటున్నాను. నడవగలరా? గైడ్‌కి అంత డబ్బు పెట్టడం దండగా?"

నేను నగోయా దగ్గర నాలుగేళ్ళుగా ఉంటున్నాను. ఈ దారి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ గైడ్‌తోనే. మొదటిసారి డబ్బులు దండగ. రెండోసారి అత్తయ్యగారిని, మామయ్యగారిని తీసుకెళ్ళాం. ఆ రోజు గైడ్ లేకపోయి ఉంటే సగం దారిలోనే బస్సెక్కి వెనక్కి వచ్చేసేవాళ్ళం. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు నడక సంగతి. దూరం సుమారు 8 కిలోమీటర్లు. ఆగకుండా నడిస్తే మూడు గంటల లోపే అయిపోతుంది కానీ, పెద్దవాళ్ళతో ఐదు గంటలు వేసుకోండి. మగోమె దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మధ్యలో కనుమ 790 మీటర్లు, త్సుమగో 420 మీటర్లు. అంటే మగోమె వైపు నుంచి బయల్దేరితే ఎక్కేది 200 మీటర్ల లోపే, దిగేది మాత్రం దానికి దాదాపు రెండింతలు. అందరూ ఎక్కడం గురించే టెన్షన్ పడతారు. మా అత్తయ్యగారిని ఏడిపించింది దిగుడు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళయితే రెండు చేతులకీ రెండు కర్రలు ఇవ్వండి, ఒకటి చాలదు. మీవాళ్ళు ఈ రెండు మూడేళ్ళలో అలిపిరి మెట్లదారిన తిరుమల ఎక్కి ఉంటే మాత్రం ఇది వాళ్ళకి ఓ లెక్క కాదు. అక్కడ 3,550 మెట్లు. ఇక్కడ చాలావరకు మట్టిదారి, అక్కడక్కడ రాళ్ళు పరిచిన బాట, కొంచెం తారురోడ్డు.

అసలు కష్టమైన ఎక్కుడు అడవిలో లేదు, మగోమె ఊళ్ళోనే ఉంది. ఊరంతా ఒక్కటే వీధి, రాళ్ళు పరిచిన ఏటవాలు. బస్సు దాని కింది కొసన దింపుతుంది. అక్కడినుంచి నీళ్ళచక్రం, కొట్లు, సత్రాలు దాటుకుంటూ పైకి వెళ్ళేసరికి మామయ్యగారు "ఇదేనా ట్రెక్కింగ్? అయిపోయిందా?" అన్నారు ఆశగా. అది మొదలు మాత్రమేనని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. పైన ఒక చదునైన చోటు ఉంటుంది, ఎదురుగా 2,191 మీటర్ల ఎనా పర్వతం కనిపిస్తుంది. అక్కడ పావుగంట కూర్చోబెట్టండి. నడవలేమనిపిస్తే మగోమె నుంచి త్సుమగో మీదుగా నగిసో స్టేషన్‌కి వెళ్ళే బస్సు కనుమ దగ్గర కూడా ఆగుతుంది. అందులో కనుమ దాకా వెళ్ళి, అక్కడ దిగి, మిగతాది నడవొచ్చు. అలా చేస్తే ఎక్కడం అనేదే దాదాపు ఉండదు. రోజుకి ఉండే బస్సులే కొన్ని, టైమ్ ముందే చూసుకోండి.

ఇక గైడ్ సంగతి. మొదటిసారి నేనూ మా ఆయనా ఒక టూర్ కంపెనీవాళ్ళతో వెళ్ళాం. పేరెందుకులెండి. "గైడ్‌తో చారిత్రక దారిలో నడక" అని ఉంది ప్రకటనలో. ఇరవైనాలుగు మందిమి, చెవిలో ఇయర్‌ఫోన్లు, ముందు జెండా పట్టుకుని ఒకమ్మాయి. మగోమె వీధిలో నలభై నిమిషాలు తిప్పారు, బస్సెక్కించారు, త్సుమగోలో దింపి గంటసేపు షాపింగ్ చేసుకోమన్నారు. అడవిలో నడిచింది మొత్తమ్మీద ఒక కిలోమీటరు ఉంటుందేమో. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఇరవైనాలుగు మందిని వేసుకుని ఆ కంపెనీ ఇచ్చిన టైమ్‌లో ఎవరైనా అంతే చేస్తారు. అందుకే బుక్ చేసేముందు వాళ్ళని రెండే ప్రశ్నలు అడగండి: కాలినడక ఎన్ని కిలోమీటర్లు, గుంపులో ఎంతమంది. సూటిగా చెప్పకపోతే వదిలేయండి. ఇంకొకటి, 2018లో చట్టం మారాక జపాన్‌లో లైసెన్సు లేనివాళ్ళు కూడా డబ్బు తీసుకుని గైడ్‌గా చెయ్యొచ్చు. లైసెన్సు లేనంత మాత్రాన చెడ్డ గైడని కాదు, కానీ ఆ దారిలో అంతకుముందు ఎన్నిసార్లు నడిచారో అడగడంలో తప్పులేదు.

దారి చూపించడానికైతే గైడ్ అక్కర్లేదు. అడుగడుగునా ఇంగ్లీషు బోర్డులున్నాయి, చిన్నపిల్లలు కూడా తప్పిపోరు. కానీ నడిచే దారి ఏమిటో తెలియకపోతే అది ఓ చెట్ల మధ్య బాట, అంతే. మా ఊరి దగ్గర కూడా ఉన్నాయి అలాంటివి.

రెండోసారి మాకు దొరికినాయన డెబ్బై ఏళ్ళ దగ్గర ఉంటారు, రిటైరయ్యాక గైడ్‌గా చేస్తున్నారు. నలుగురికీ కలిపి రోజుకి 35,000 యెన్లు ఇచ్చాం. తక్కువేం కాదు. ఆయన జపనీస్‌లో చెప్తుంటే నేను తెలుగులో చెప్తూ వెళ్ళాను. ఎడో కాలంలో, అంటే 1600 తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు, ఎడోలోని నిహొన్‌బషి వంతెన నుంచి ఐదు రాజమార్గాలు బయల్దేరేవి. ఎడో అంటే ఇప్పటి టోక్యో. అక్కడినుంచి క్యోటోకి సముద్రం పక్కగా పోయేది తొకైదో, కొండల్లోంచి పోయేది ఈ నకాసెండో. దీని పొడవు 530 కిలోమీటర్ల పైన, దారిలో 69 మజిలీలు. మజిలీ అనగానే మామయ్యగారికి అర్థమైపోయింది. వాళ్ళ తాతగారు కాశీకి నడిచి వెళ్ళినప్పుడు మజిలీలు చేసుకుంటూ వెళ్ళారట. ఎడో నుంచి లెక్కపెడితే త్సుమగో 42వ మజిలీ, మగోమె 43వది. దూరం తెలియడానికి ఒక్కో 'రి'కి, అంటే నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువగా, దారికి రెండువైపులా మట్టిదిబ్బ పోసి పైన చెట్టు నాటేవాళ్ళు. మన కోసురాళ్ళ లాంటివన్నమాట.

కొండదారి కష్టం కదా, సముద్రం పక్క దారి ఉండగా ఇటెందుకొచ్చేవాళ్ళని అత్తయ్యగారు అడిగారు. మంచి ప్రశ్న. తొకైదోలో పెద్ద పెద్ద నదులు అడ్డొస్తాయి. ఓయి నది మీద అయితే ప్రభుత్వమే వంతెన కట్టనివ్వలేదు, మనుషుల భుజాలెక్కి దాటాలి. వరదొస్తే రోజుల తరబడి ఒడ్డున పడిగాపులు. అందుకని ఆడవాళ్ళు ఈ కొండదారినే ఎంచుకునేవాళ్ళట, దీనికి రాకుమారి దారి అనే పేరు కూడా ఉంది. 1861లో షోగున్‌తో, అంటే అప్పటి సైనిక పాలకుడితో, పెళ్ళికోసం చక్రవర్తి చెల్లెలు కజునొమియాని క్యోటో నుంచి ఎడోకి ఈ దారినే తీసుకెళ్ళారు. వెంట వేలాది మంది. అప్పుడామెకి పదిహేనేళ్ళు. ఇది విన్నాక అత్తయ్యగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇష్టపడే వెళ్ళిందా?" అన్నారు. నేను అనువదించాను. ఆ పెద్దాయన తల అడ్డంగా ఊపారు. ఆమెకి అంతకుముందే వేరే సంబంధం కుదిరిందట, రాజకీయం కోసం దాన్ని రద్దు చేసి ఇటు ఇచ్చారు.

కనుమకి కాస్త ముందు ఒక చిన్న పల్లె వస్తుంది, పేరే తోగే, అంటే కనుమ. పది పదిహేను పాత ఇళ్ళు. గైడ్ లేకపోతే ఫోటో తీసుకుని దాటిపోతాం. ఇది ఎద్దుల మీద సరుకు వేసి తోలేవాళ్ళ ఊరు. 1856లో వీళ్ళు నకత్సుగవ అనే ఊళ్ళోని సరుకు దళారీ కిరాయి పంపకంలో అన్యాయం చేస్తున్నాడని పని ఆపేశారు. అచ్చంగా సమ్మె. చివరికి నెగ్గారు కూడా. మామయ్యగారు ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో, అందులో చాలాకాలం యూనియన్‌లో పనిచేశారు. ఆ ఊళ్ళో ఆయన నిలబడిన తీరు చూడాలి మీరు. మొదటి టూర్లో ఈ ఊరి గుండానే బస్సులో పోయి ఉంటాం, నాకు గుర్తు కూడా లేదు.

ఆ దారి పక్కన నాచు పట్టిన చిన్న రాతి బొమ్మలుంటాయి. ఒకచోట గైడ్ ఆగి తలమీద గుర్రం తల ఉన్న ఒక బొమ్మ చూపించారు. బతో కన్నోన్. బరువులు మోస్తూ దారిలో చచ్చిపోయిన పశువుల పేరున నిలబెట్టేవాళ్ళట ఇలాంటివి. ఆయన దాని సంస్కృతం పేరు చెప్పారు, "హయగుర్రీవ" అని. అత్తయ్యగారు ఒక్కసారిగా "హయగ్రీవుడా!" అన్నారు. మన హయగ్రీవుడు విష్ణువు అవతారం, బౌద్ధంలో అవలోకితేశ్వరుడి రూపం. పేరు, గుర్రం తల ఒకటే. ఆవిడకి ఆ తేడాతో పనిలేదు. చెప్పులు విప్పబోతే బూట్లు కదా, తాళ్ళు విప్పడం ఆలస్యమని అలాగే చేతులు జోడించి "జ్ఞానానందమయం దేవం" మొదలుపెట్టారు. గైడ్ కూడా ఆవిడ పక్కన తలవంచి నిలబడ్డారు, శ్లోకం అయ్యేదాకా.

ఎలుగుబంట్ల గంటల గురించి చెప్పాలి. దారి పక్కన గుంజలకి ఇత్తడి గంటలు వేలాడదీసి, గట్టిగా కొట్టండి అని రాసి ఉంటుంది. మనిషి చప్పుడు వింటే ఎలుగు దూరంగా పోతుందని. భయపడక్కర్లేదు, కానీ నిర్లక్ష్యమూ వద్దు, ఈ అడవుల్లో ఎలుగులు నిజంగానే ఉన్నాయి. అత్తయ్యగారు ప్రతి గంటా గుళ్ళో కొట్టినట్టు మూడేసిసార్లు కొట్టుకుంటూ వచ్చారు.

కనుమ దాటి దిగడం మొదలుపెట్టాక ఇచికొకుతొచి అనే చోట ఒక పాత ఇల్లు వస్తుంది. ఊళ్ళోవాళ్ళు వంతులవారీగా అక్కడ కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి ఉచితంగా టీ ఇస్తారు. డబ్బాలో మీకు తోచింది వేయొచ్చు. లోపల మట్టినేల, మధ్యలో నిప్పుల గుంట, పైనుంచి వేలాడే ఇనప కెటిల్. పొగకి దూలాలు నల్లగా నిగనిగలాడుతుంటాయి. కట్టెల పొగ వాసనకి మామయ్యగారు బెంచీమీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. టీతో పాటు ఊరబెట్టిన ఉమె పళ్ళు ఇచ్చారు, ఉప్పగా, పళ్ళు పులిసేంత పులుపు. అత్తయ్యగారు ఒకటి నోట్లో వేసుకుని, కాసేపు ఆలోచించి, "మన ఊరుసిరికాయ దీనికంటే నయం" అని తీర్పు చెప్పి, ఇంకోటి తీసుకున్నారు. మేం తెచ్చుకున్న పులిహోర తినొచ్చా అని గైడ్ చేత అడిగించాం. తినమన్నారు, వాళ్ళకీ పెట్టాం. చింతపండు అంటే ఎలా చెప్పాలో తెలియక "చెట్టుకి కాసే ఇంకో ఉమె" అన్నాను. నవ్వారు.

ఆ ఇంటి దగ్గరే ఒకప్పుడు కలప తనిఖీ చౌకీ ఉండేది. కోటలూ పట్టణాలూ కడుతూ కిసో లోయ అడవులు నరికేస్తుంటే, ఎడో కాలంలో ఈ కొండల్ని ఏలిన ఒవారి ప్రభువులు ఐదు రకాల చెట్లు నరకడాన్ని నిషేధించారు: హినొకి, సవర, అసునరొ, కోయమకి, నెజుకొ. "చెట్టుకి ఒక తల" అనేవాళ్ళట, అంటే చెట్టు నరికితే తల తీసేస్తారు. దారిన పోయేవాళ్ళ మూటల్లో చెక్క గిన్నెలు కూడా వెతికేవాళ్ళు. తిరుపతి వైపు ఎర్రచందనం చెక్‌పోస్టులు గుర్తొచ్చాయి మాకు. ఇసేలోని పెద్ద షింటో మందిరాన్ని 20 ఏళ్ళకోసారి పూర్తిగా కొత్తగా కడతారు, దానికి వాడేది చాలావరకు ఈ కొండల హినొకినే. మళ్ళీ కట్టేది 2033లో. గైడ్ కింద పడిన చిన్న కొమ్మ తీసి విరిచి మా చేతుల్లో పెట్టారు. నిమ్మతొక్కా కర్పూరం కలిపిన లాంటి వాసన. చెయ్యి కడుక్కున్నా సాయంత్రం దాకా పోలేదు.

ఇక్కడినుంచే మా కష్టాలు మొదలయ్యాయి. ముందురోజు వానపడి రాళ్ళబాట తడిగా ఉంది. మామయ్యగారి కుడికాలి బూటు సోలు ముందు నోరు తెరిచింది, పది అడుగులు వేసేసరికి మొత్తం ఊడి వచ్చేసింది. బూట్లు చూడ్డానికి కొత్తగానే ఉన్నాయి, కానీ ఆరేళ్ళుగా అలమరలో పెట్టి ఉంచినవి. వాడకపోయినా సోలు లోపల పొడిపొడిగా అయిపోతుందట, ఇక్కడ కొండలెక్కేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. మాకు తెలీదు. నేను చున్నీ చింపుదామా అనుకునేలోపు గైడ్ సంచీలోంచి వెడల్పాటి గమ్ టేపు తీసి, బూటుకి సోలు అతికించి పైనుంచి నాలుగు చుట్లు చుట్టారు. జారకుండా దాని మీద సన్నతాడు అడ్డంగా కట్టారు. "ఏడాదికి ముగ్గురికైనా కడతాను" అన్నారు. ఆ కట్టు త్సుమగో దాకా ఆగింది. 35,000 యెన్లకి న్యాయం ఏమిటని మామయ్యగారిని అడిగితే ఇప్పటికీ హయగ్రీవుడూ చెప్పరు, సమ్మే చెప్పరు, ఈ టేపు సంగతే చెప్తారు. కాబట్టి అమ్మానాన్నల బూట్లు ఇండియాలోనే ఒకసారి వంచి చూడమనండి. పాతవైతే వాటితో ఓ రెండు వారాలు రోజూ నడిపించండి.

కిందికి వెళ్ళాక ఒదకి, మెదకి అనే రెండు జలపాతాలు వస్తాయి, మగధార, ఆడధార. దారినుంచి కొంచెం పక్కకి దిగాలి. మోకాళ్ళు బాలేకపోతే వదిలేయండి, మరీ పెద్దవేం కాదు.

త్సుమగోలోకి అడుగుపెట్టగానే ఏదో తేడాగా ఉంటుంది, ఏమిటో వెంటనే తెలియదు. కరెంటు స్తంభాలుండవు. పగలు కార్లని రానివ్వరు. రైలు, కొత్త రోడ్డు వచ్చాక ఈ ఊళ్ళు ఎందుకూ కొరగాకుండా పోయి, కుర్రవాళ్ళంతా పట్నాలు వెళ్ళిపోయారు. మగోమె 1895లోనూ 1915లోనూ అగ్నిప్రమాదాల్లో కాలిపోయింది, మనం చూసేది తర్వాత కట్టింది. త్సుమగోలో పాత ఇళ్ళు మిగిలాయి. 1968లో వాటిని బాగుచేయడం మొదలుపెట్టి, 1971లో ఊరంతా కలిసి కట్టుబాటు రాసుకున్నారు: అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం. 1976లో ప్రభుత్వం ఇలాంటి పాత ఊళ్ళకి రక్షణ ఇచ్చినప్పుడు మొదటి విడతలోనే ఇది ఉంది. ఊళ్ళో వకి-హొన్‌జిన్ అని 1877లో కట్టిన పెద్ద లోగిలి ఉంది, తప్పకుండా లోపలికి వెళ్ళండి. అప్పటిదాకా మామూలు వాళ్ళు హినొకి ముట్టుకోకూడదు కదా, ఆ నిషేధం పోగానే ఆ యజమాని కసిదీరా ఇల్లంతా హినొకితోనే కట్టుకున్నాడు.

తిండి విషయంలో గైడ్ మీద కూడా ఆధారపడకండి. సోబా (బక్‌వీట్ పిండి నూడుల్స్) చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది కానీ పులుసులో ఎండు చేప ఉంటుంది. "మాంసం లేదు" అంటే చాలామందికి చేప లేదని అర్థం కాదు. గొహెయి మోచి అని, అన్నం మెత్తగా మెదిపి పుల్లకి గుచ్చి, అక్రోటు, నువ్వులు, సోయా కలిపిన ముద్ద పూసి కాలుస్తారు. అది మా వాళ్ళకి బాగా నచ్చింది, కానీ ఆ పూతలో చేప రసం కలిపారా అని కొట్టులో అడగండి. మేం దారికి పులిహోర, దద్దోజనం, ఆవకాయ తీసుకెళ్ళాం. ఖాళీ డబ్బాలు, కవర్లు మళ్ళీ మీ సంచీలోనే, దారిలో చెత్తబుట్టలుండవు.

నగోయా నుంచి నకత్సుగవకి షినానో ఎక్స్‌ప్రెస్‌లో 50 నిమిషాలు, అక్కడినుంచి మగోమెకి బస్సు అరగంట లోపే. పెట్టెలుంటే మగోమె టూరిస్టు ఆఫీసులో ఉదయం పదకొండున్నర లోపు ఇస్తే మధ్యాహ్నం త్సుమగోలో తీసుకోవచ్చు, పెట్టెకి 1,000 యెన్లు. చలికాలంలో ఈ సౌకర్యం ఉండదు. చిల్లర యెన్లు దగ్గర పెట్టుకోండి. వెనక్కి రావడానికి త్సుమగో నుంచి నగిసో స్టేషన్‌కి బస్సు పది నిమిషాలు. మేం ఆ లోగిల్లో కూర్చుండిపోయి బస్సు మిస్సయ్యాం, తర్వాతది గంటన్నరకి. టాక్సీ పిలిపించుకోవాల్సి వచ్చింది.

ఏప్రిల్ అన్నారు కాబట్టి, నగోయాలో చెర్రీ పూలు రాలిపోయాయని మీవాళ్ళు బాధపడితే వారం పదిరోజులు ఆగి ఇటు తీసుకురండి. కొండమీద చలి కాబట్టి ఇక్కడ ఆలస్యంగా పూస్తాయి. ఆ టీ ఇచ్చే ఇంటి ముందే ఒక ముసలి చెర్రీ చెట్టుంది, కొమ్మలు నేలకి వేలాడుతూ. మేం వెళ్ళింది అక్టోబర్‌లో, ఆకులు తప్ప ఏమీ లేవు. వెళ్తే ఒక ఫోటో ఇక్కడ పెట్టండి, అత్తయ్యగారికి చూపిస్తాను.